అక్కి రాసిన చెయ్యి

వైశాలి, గాజియాబాద్
నవంబరు 18

లక్ష్మీపతికి బావ ఓబులేసు రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలంట. లేని క్షేమం ఎందుకు రాయాలి? ఫోన్‌లో చెబుదామంటే నీకు చెవుడు. నేను అరిస్తే నీకు తప్ప ఈ అపార్టుమెంటులో నాలుగు అంతస్తులకూ వినబడుతుంది. అందుకే ఈ కవరు.

మీ అక్కకు దసరా ముందు అక్కి వచ్చింది. కుడి పక్క, రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీ కట్టినట్టు నీటి పొక్కులు లేచినాయి. పొక్కులు పగిలి పుండ్లయినాయి, పుండ్లు చీము పట్టినాయి. షుగరు మనిషి కదా. ఇప్పుడు చీము లేదు, కొత్త తోలు పల్చగా ఎర్రగా వస్తా ఉంది. మంట మాత్రం పోలేదు. చీర తగిలినా నిప్పు పడినట్టు ఉలిక్కిపడుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి రవిక వేసుకోలేక మా కొడుకు రఘునందన్ పాత చొక్కా తొడుక్కుని తిరుగుతా ఉంది. ఇదంతా నిన్ను భయపెట్టడానికి రాయలేదు. అసలు సంగతి వేరే ఉంది.

అసలు సంగతి సైమన్.

మేము నాలుగో అంతస్తు, ఆయన రెండో అంతస్తు. బాపట్ల పక్క మనిషి. ఇక్కడొక పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైనాడు. మగవాళ్ళు కూడా నర్సులుంటారు, తెలుసుకో. భార్య పోయింది. రోజూ ఇస్త్రీ చొక్కా, చెవుల వెనక పౌడరు. మా కొడుకు పొద్దున ఏడుకే ఆఫీసుకు పోతాడు, కోడలు సునంద ఎనిమిదికి నోయిడాకు పోతుంది. పగలు మందు పూసేవాళ్ళు లేరని సునంద దిగిపోయి ఆయన్ని అడిగింది. గుంజలాగా నేను ఇంట్లో ఉంటే పూసేవాళ్ళు లేరంట.

పదింటికి వస్తాడు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుగుతాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. మీ అక్క గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. వీపు ఆయనకు, మొహం గోడకు. గడప దగ్గర నిలబడేది నేను.

యాభై ఏళ్ళ కాపురం మాది. ఆ వీపు నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అంత సిగ్గు మీ అక్కకు. ఈయన దినమూ చూస్తాడు. ఆయన పూసినంతసేపూ ఆమె కదలదు. నేను మంచినీళ్ళు ఇయ్యబోయి చెయ్యి భుజానికి తగిలితే ముడుచుకుపోతుంది. ఏమే అంటే నీ చేతులు గరుకు అంటుంది. గరుకే. ముప్పై ఆరేళ్ళు సర్కారు తోటల్లో మాలీ పని చేసిన చేతులు. ఎరువూ పురుగుమందూ తిని, చలికాలం వస్తే అరచేతులు బీటలు వారి నెత్తురు వస్తుంది. ఆ చేతులతోనే ఇంటికి జీతం తెచ్చినా. అప్పుడు గరుకు తెలియలేదా?

మందు పూసినాక ఆయనకు కాఫీ. నాది ఆ తర్వాత. చక్కెర లేకుండా తాగుతాడని మీ అక్క మెచ్చుకుంటుంది, అదేదో పరాక్రమం అయినట్టు. ఆమెను అక్కయ్యా అంటాడు. నన్ను బావగారూ అంటాడు. ఆమెను అక్కా అని పిలిచే హక్కు ఈ భూమ్మీద నీ ఒక్కనిది. నీకు పౌరుషం ఉంటే మీ అక్కకు ఒక జాబు రాయి. పరాయి మగవాని చేత వీపు ముట్టించుకోవడం మన ఇంటావంటా లేదని రాయి. నేను రాయమన్నానని మాత్రం రానీయొద్దు.

నాకు కూడా పిక్కల మీద దురద. తోలు చేప పొలుసు మాదిరి తెల్లగా లేస్తా ఉంది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఓబులేసు


జమ్మలమడుగు
నవంబరు 29

బావా, నీ కాళ్ళకు దండం పెట్టి లక్ష్మీపతి రాసేది.

అక్క సంగతి చదివితే అన్నం సహించలేదు. సైమన్ గారి సంగతి చదివితే నవ్వు వచ్చింది. కోప్పడొద్దు. అక్కకు ఇంతవరకు ఒక చెవిటి తమ్ముడే ఉన్నాడు. చెవులు బాగున్న తమ్ముడు ఇంకొకడు దొరికితే నాకెందుకు ఏడుపు? నువ్వు రాయమన్న జాబు నేను రాయను. ఒంటి మీద ఎర్రమట్టితో అక్కి రాయించుకోవడానికి ఆడవాళ్ళు నా దగ్గరకు వస్తారు, వీపు చూపిస్తారు, నడుము చూపిస్తారు. మా నాయన దగ్గరకూ వచ్చేవాళ్ళు. కుమ్మరింటి ఆచారం అది. అప్పుడు నువ్వేమీ అనలేదే.

ఒకటి అడుగుతా. పొక్కులు లేచినాక ముందు ఏం చేసినారు? ఆసుపత్రికి ఎన్నో రోజు పోయినారు? మూడు రోజుల లోపల మాత్ర పడితే తర్వాత ఈ మంట మిగలడం చాలా తక్కువని ఇక్కడి చర్మం డాక్టరు చెబుతాడు. నేను కూడా పద్ధతి మార్చుకున్నా. ఎవరు వచ్చినా ముందు ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరకు పంపుతా. మాత్ర వేసుకుని వస్తేనే ఎర్రమట్టి నూరేది. అది కూడా పొక్కుల మీద పెట్టను. దూరంగా, మంచి తోలు మీద సింహం బొమ్మ రాసి పంపుతా, వాళ్ళ మనసు నిమ్మళం కోసం. పుండులో మట్టి పడితే చీము పట్టకుండా ఉంటుందా? అక్కకు చీము ఎందుకు పట్టింది బావా? షుగరు ఒక్కటేనా?

నీ పిక్కలకు వేడినీళ్ళు తగ్గించు. పచ్చికుండను ఎండలో పెడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? ముసలి తోలు కూడా అంతే.

ఢిల్లీ చలికి ఆ మంట ఎక్కువవుతుందంటారు. చలి పోయేదాకా అక్కను ఇక్కడికి తెచ్చుకోవాలని ఉంది. నా భార్య, కోడలు ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు, మందు పూయడానికి కరువు లేదు. నువ్వు వస్తే సంతోషం. రానంటే బలవంతం లేదు.

లక్ష్మీపతి


వైశాలి
డిసెంబరు 14

లక్ష్మీపతీ,

నువ్వు డాక్టరువి ఎప్పుడైనావు? నేను సైమన్ గురించి రాస్తే నువ్వు నన్ను విచారణ చేస్తావా? ఎన్నో రోజు, ఏం చేసినారు, చీము ఎందుకు పట్టింది. జబ్బుకు చీము పడుతుంది. అంతే.

అక్కను తీసుకుపోతానని రాసినావు. ఆమె ఏమన్నా నా ఇంట్లో నువ్వు మర్చిపోయిన చెంబా?

నీ జాబులో అక్కి రాయడం గురించి చదివి నాకు పాతది అంతా లేచింది. లేచింది కాబట్టి రాస్తా. మీ నాయన నాకు మేనమామ. ఇద్దరం ఆయన ముందరే పెరిగినాం. ఆదివారం పొద్దున అక్కివాళ్ళు వాకిట్లో వరసగా కూర్చుంటే, మట్టి జల్లించింది నేను, నూరింది నేను, మేకపాలు తెచ్చి కలిపింది నేను. సింహం రాసింది నువ్వు. నాకు అప్పుడు పంతొమ్మిది, నీకు పది. ఒకరోజు ధైర్యం చేసి కుంచె తీసుకున్నా. మామ నా చేతిలో నుంచి లాక్కున్నాడు. వీనిది కోపం చెయ్యి, రోగి ఒంటికి పనికిరాదు అన్నాడు, అంతమంది ముందర. కుంచె నీకు ఇచ్చినాడు. తర్వాత నాకు పిల్లనిచ్చినాడు గానీ కుంచె ఇయ్యలేదు. ఢిల్లీకి వచ్చి వేల కుండీలకు రంగు పూసినా, వేల మొక్కలు బతికించినా. ఆ మాట మర్చిపోలేదు.

మీ అక్కకు పొక్కులు లేచిన పొద్దున ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? నా తమ్ముడు ఇక్కడ ఉండి ఉంటే రాసేవాడు, అన్నది. మొగుడు మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆమెకు కావలసింది రెండు రోజుల రైలు దూరంలో ఉండే తమ్ముని చెయ్యి. సరే, అది వదిలెయ్.

సైమన్ ఇప్పుడు నా కాళ్ళ దాకా వచ్చినాడు. పిక్కల మీద గోకుడు చారలు చూసినాడు. మరుగుతున్న నీళ్ళు, ఆ ఎర్రసబ్బు మానేయండి బావగారూ, గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని తడి పూర్తిగా ఆరకముందే వాజలైన్ పూయండి అన్నాడు. వయసు పైబడితే తోలులో నూనె తగ్గిపోతుందంట, ఢిల్లీ చలిగాలి మిగిలింది లాగేస్తుందంట. వార్డులో చలికాలం సగం మంచాలు మా బోటి ముసలివాళ్ళేనంట. నేను ఊరుకోలేదు. “నువ్వు చూసే వీపు చాలదా, నా కాళ్ళు కూడా కావాలా,” అన్నా. ఆయన మొహం ఎర్రబడింది. చేతులు కడుక్కుని పోయినాడు. మీ అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

సునంద వాజలైన్ డబ్బా తీసి తలుపు వేసుకుని పూసుకున్నా. వారానికి దురద సగం తగ్గింది. ఆ సంగతి ఆయనకు చెప్పను.

ఇంకొకటి ఉంది, దాని కోసమే ఈ జాబు. నిన్న బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోసి లోపలికి వస్తా ఉంటే వాళ్ళిద్దరూ తగ్గు గొంతుతో మాట్లాడుకుంటా ఉన్నారు. మీ అక్క అంటా ఉంది: “ఆ మాట మా ఆయన దగ్గర ఎత్తొద్దు సైమన్. నీకు తెలిసినట్టే ఉండొద్దు.” ఆయన అలాగే అక్కయ్యా అన్నాడు. నన్ను చూసి ఇద్దరూ పొగమంచు గురించి మొదలుపెట్టినారు.

ఏ మాట? యాభై ఏళ్ళలో నాకు చెప్పకుండా ఈమె ఒక జాకెట్టు గుడ్డ కొనలేదు. ఇప్పుడు రెండో అంతస్తు మనిషితో కలిసి నా దగ్గర దాచే మాట ఏముంది?

ఓబులేసు


వైశాలి
డిసెంబరు 29

లక్ష్మీపతీ,

నీ జవాబు రాకముందే ఇంకొకటి రాస్తున్నా. సైమన్‌ను రావద్దన్నా.

క్రిస్మస్ నాడు కేకూ అరిసెలూ తీసుకుని వచ్చినాడు. దాంతో పోయి ఉంటే సరిపోయేది. మీ అక్క కోసం ఒక చొక్కా కుట్టించి తెచ్చినాడు. సరోజినీ నగర్‌లో మెత్తటి నూలు గుడ్డ కొని, కుట్లు బయటికి, నున్నటి పక్క లోపలికి వచ్చేట్టు కుట్టించినాడు. గుండీలు కూడా ఎడమ పక్కకు, పుండు వైపు ఏదీ ఒరుసుకోకుండా. మీ అక్క లోపలికి పోయి తొడుక్కుని వచ్చింది. అక్టోబరు తర్వాత మొదటిసారి చేతులు రెండూ మామూలుగా కిందికి వదిలి నడిచింది. నవ్వింది.

గుడ్డ తిప్పి కుట్టడం ఎంత పని? పక్కనే పడుకునేవాణ్ణి, నాకు తోచలేదు. ఆయనకు తోచింది.

ఆయన్ని మెట్ల దగ్గరకు పిలిచి, రేపటి నుంచి నువ్వు రావద్దు అన్నా. ఎందుకు అని అడుగుతాడని, అడిగితే నాలుగు మాటలు అనాలని కాచుకుని ఉన్నా. అడగలేదు. “మందు వేళ తప్పనీయకండి బావగారూ,” అన్నాడు. దిగి పోయినాడు.

ఇప్పటికి నాలుగు రోజులు. మీ అక్క నా చేత పూయించుకోదు. సునంద ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది, అప్పుడు ఒకసారి పూస్తుంది. పగలంతా మీ అక్క పళ్ళు బిగపట్టుకుని పడుకుని ఉంటుంది. నన్ను తిట్టడం లేదు. తిడితే బాగుండు.

పరాయి మగవాడు ఇప్పుడు ఇంట్లో లేడు. నేను, ఆమె. ఆమె గోడ వైపు తిరిగి ఉంది.

ఓబులేసు


జమ్మలమడుగు
జనవరి 9

బావా,

నీ రెండు జాబులూ ఒకేనాడు అందినాయి. ఇది కొంచెం గట్టిగా ఉంటుంది. కూర్చుని చదువు.

ముందు ఏం చేసినారని నిన్ను నేను తెలియక అడగలేదు. నాకు అక్టోబరులోనే తెలుసు. అక్క తన చేత్తో జాబు రాసింది. అడగొద్దని రాసింది, నేనే ఆగలేక అడిగినా. ఏదో ఒక జాబులో నువ్వే చెబుతావని చూసినా. ఆమె రాసింది ఉన్నది ఉన్నట్టు కింద ఎత్తి రాస్తున్నా.

“మీ బావ నాకు అక్కి రాసినాడు. ఇక్కడ మన మట్టి దొరకదు. నర్సరీలో పూలకుండీలకు పూసే గేరు అనే ఎర్రరంగు తెచ్చి నూరినాడు. మండుతుందంటే మండితేనే పని చేస్తుంది అన్నాడు. ఐదో రోజు జ్వరం వచ్చి ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ కేకలేసింది. నేనే పూసుకున్నానని చెప్పినా. నువ్వు ఈ సంగతి ఎన్నడూ ఆయన్ని అడగొద్దు. కుంచె పట్టుకున్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదు లక్ష్మీపతీ. పెళ్ళినాడు కూడా అంత సంతోషం లేదు. వద్దు అనడానికి నోరు రాలేదు.”

బావా, వాళ్ళు నీ దగ్గర దాచిన మాట ఇది. సైమన్ గారు మొదటి రోజు పుండ్లు కడిగిన మనిషి. ఆ రంగు కడిగింది ఆయనే. ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? నువ్వు తల దించుకోకూడదని మూడు నెలలుగా మీ ఇంట్లో ఇద్దరు మనుషులు నోరు కట్టుకుని ఉంటే, నువ్వు వాళ్ళ మీద కాపలా కాస్తా ఉన్నావు.

ఇక నువ్వు కుళ్ళుకున్న నా చెయ్యి సంగతి. ఇది నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కింద ముద్దనూరు పక్క నుంచి ఒకామె వచ్చింది. నుదుటి మీద అక్కి, ముక్కు కొస దాకా పొక్కులు. మూడు రోజులు రాసినా. చాలా బాగా వచ్చింది సింహం, నేనే మురిసిపోయినా. నాలుగో రోజు కన్ను మూసుకుపోయింది. డాక్టరు దగ్గరకు చేరేసరికి ఆ కంటి చూపు పోయింది. నుదుటి మీద వస్తే కంటికి దిగుతుందని, ఒక్క పూట కూడా ఆగకూడదని ఆ రోజు డాక్టరు చెబితే తెలుసుకున్నా. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆమె సంతలో కనబడితే నాకు దండం పెడుతుంది. నేను వేరే సందులోకి తిరిగిపోతా. పద్ధతి మార్చుకున్నానని నీకు గొప్పగా రాసినా కదా, ఎందుకు మార్చుకున్నానో రాయలేదు.

మా నాయన కుంచె నీకు ఇచ్చి ఉంటే ఆ కన్ను నీ పేరున ఉండేది. కావాలంటే ఇప్పుడు పంపిస్తా, తీసుకో.

ఫిబ్రవరి పన్నెండుకు టికెట్టు తీసినా. అక్క వస్తానంటే తీసుకుపోతా. ఆ మాట ఆమె చెప్పాలి, నువ్వు కాదు.

లక్ష్మీపతి


వైశాలి
జనవరి 31

లక్ష్మీపతికి,

నీ జాబు నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగినా. చింపాలనుకున్నా. చింపలేదు.

మీ అక్క నీకు రాసిన దాంట్లో ఒకటి తక్కువ ఉంది. ఆమెకు తెలియదు కాబట్టి రాయలేదు. నేను రాస్తా. కుండీల గేరులో ఏదో రసాయనం రంగు, జిగురు కలుపుతారని నాకు తెలుసు. ముప్పై ఆరేళ్ళు పూసినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మంచి మట్టి కోసం వెతికితే ఒక పూట పట్టేది. ఆ పూటలో సునంద సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకుపోతుందని భయపడినా. డాక్టరు కంటే ముందు, నీ పేరు ఇంకోసారి ఆమె నోట రాకముందు, నేను రాయాలి. అందుకని వైశాలి నర్సరీలో చేతికి దొరికింది తెచ్చినా. సునందకు మామూలు చెమటకాయలని చెప్పినా.

ఐదు రోజులు రాసినా. నీ సింహం కంటే నాది బాగా వచ్చింది. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మనవరాలి వయసు పిల్ల. చొక్కా ఎత్తి చూసి, ఇది ఎవరు చేసినారు అని హిందీలో అడిగింది. మీ అక్క నేనే అన్నది. వీపు మధ్యలో సింహం తోకతో సహా ఉంది. చేతులు వెనక్కి మడిచి అట్లా ఎవరు రాసుకోగలరు? ఆ పిల్ల మీ అక్కను బుద్ధి ఉందా అన్నట్టు మాట్లాడింది. మూడు రోజుల లోపల వచ్చి ఉంటే అని కూడా అన్నది. నేను పక్కనే నిలబడి గోడ మీద అంటించిన చర్మం బొమ్మలు చూస్తా ఉన్నా. మీ అక్క నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని.

మొన్న ఇరవై మూడున మళ్ళీ చూపించుకునే రోజు. సునంద రానక్కరలేదు, నేను తీసుకుపోతా అన్నా. అదే డాక్టరమ్మ. మీ అక్క కూర్చోకముందే చెప్పినా, ఆ రంగు పూసింది ఈమె కాదు, నేను అని. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. ఎవరు పూస్తే ఏముంది బాబా, ఇప్పుడు మాత్ర వేళకు వేయండి, ఇంకా కొన్ని నెలలు పట్టొచ్చు అన్నది. తర్వాతి నంబరు పిలిచింది.

అంతే. నేను మూడు నెలలు కడుపులో పెట్టుకున్నది ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.

తిరిగి ఆటోలో వచ్చినాం. గేటు దగ్గర దిగినాక మీ అక్క అన్నది: “తెలియని పిల్ల దగ్గర చెప్పినావు. అది సులభం. రెండో అంతస్తులో చెప్పు, పో.”

రెండో అంతస్తులో మీ అక్క లిఫ్టు ఆపింది. నన్ను దించి ఆమె పైకి పోయింది. సైమన్ తలుపు తీసి వందనాలు అన్నాడు, ఏమీ జరగనట్టు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పినా. “తెలుసండీ,” అన్నాడు. “మొదటి రోజు దూదితో తుడుస్తుంటేనే తెలిసింది. చాలా శ్రద్ధగా గీశారు బావగారూ. అంత శ్రద్ధ ఉన్నవాళ్ళతో కోపంగా మాట్లాడటం నాకు రాలేదు.” నేను ఆయన్ని మెట్ల మీద నుంచి పంపించినవాణ్ణి. క్షమించు అనే మాట నాకు నోరు తిరగదు, నీకు తెలుసు. రేపు పదింటికి రా అన్నా. ఆయనకు అర్థమైంది.

పోనీయకుండా నా చేతులు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసినాడు. బీటల్లో వేలు పెట్టి, ఈ పగుళ్ళలో మురికి చేరుతుంది, ఇవి మానకుండా అక్కయ్యను ముట్టుకుంటే మళ్ళీ చీము పడుతుంది అన్నాడు. మందు ఇచ్చినాడు. పూసుకుని నూలు తొడుగులు వేసుకోవాలంట. డెబ్భై ఆరేళ్ళ మనిషిని, తొడుగులు వేసుకుని టీవీ ముందు కూర్చున్నా. రఘునందన్ నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి పోయినాడు.

మరునాడు సైమన్ వచ్చినాడు. ఈసారి నేను గడప దగ్గర నిలబడలేదు. పక్కన కూర్చుని దూది అందించినా. ఎంత మందు తీసుకోవాలి, వేలు నొక్కకుండా ఎట్లా జరపాలి, ఎక్కడ ఆపాలి, అంతా చూసినా. ఆయన చెయ్యి తోలు మీద నడవదు లక్ష్మీపతీ, తోలు పక్కన నడిచినట్టు ఉంటుంది. ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు.

సైమన్ పోయినాక మీ అక్కను అడిగినా. నా చెయ్యి వస్తే ముడుచుకుపోతావు, గరుకని కాదు కదా అన్నా. చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

“ఐదు రోజులు నొప్పి అని చెప్పినా. నీకు వినబడలేదు,” అన్నది. “నేనెప్పుడో మర్చిపోయినా. ఈ ఒళ్ళు మర్చిపోలేదు. నీ చెయ్యి కనబడితే, మళ్ళీ చెప్పినా వినడులే అని అదే ముడుచుకుంటుంది.”

మందు గొట్టానికి మూత బిగించి బల్ల మీద పెట్టినా.

నిన్న సైమన్ వాళ్ళ చర్చి సంఘం కూటాలకని ఫరీదాబాద్ పోయినాడు. ఈ పొద్దున పదయింది. నేను మందు గొట్టం తీసుకోలేదు, బల్ల మీదనే పెట్టి ఉంచినా. మీ అక్క గొట్టం వైపు చూసింది, నా వైపు చూసింది. చేతులు చూపించమన్నది. చిన్నపిల్లవాని మాదిరి చాపినా. బీటలు మానినాయి. “ఆపమంటే ఆపాలి,” అన్నది. గోడ వైపు తిరిగింది.

వేలి కొసకు మందు తీసుకుని పై నుంచి మొదలుపెట్టినా. మొదటి తాకుడుకు భుజం ఎగిరింది. సైమన్ చూపినట్టు వేలు నొక్కకుండా జరిపినా. సగం దాకా పోయినా. “ఆపు,” అన్నది.

ఆపినా. ఇంకొక్క వేలు జాగా పూస్తే పక్కటెముక దాకా అయిపోతుంది. ఆపినా. చెయ్యి గాలిలోనే పెట్టుకుని ఉన్నా. కింద రోడ్డు మీద కూరగాయల బండివాడు ఈ చివర నుంచి ఆ చివరకు అరుచుకుంటా పోయినాడు. అంతసేపు.

“ఇప్పుడు మిగతాది పూయి,” అన్నది.

నువ్వు పన్నెండుకు రా. వస్తావా రావా అని ఆమెనే అడుగు. నేను ఆ వేళకు కింద నర్సరీకి పోతా, నా మొహం చూసి ఆమె మాట మార్చుకోకుండా. కుంచె తేవద్దు.

సైమన్ సోమవారం వస్తాడు. ఆయన చెయ్యి నా చెయ్యి కంటే మంచిది, కాబట్టి ఆయనే పూస్తాడు. ఇది రాస్తా ఉంటే కూడా కడుపు మండుతా ఉంది. అయినా రాసినా.

ఓబులేసు